ఫోన్ పోయింది, అథెంటికేటర్ కోడ్లన్నీ అందులోనే ఉన్నాయి: అకౌంట్లు మళ్ళీ తెరవడం ఎలా?

ఉప్పల్_యూజర్ (ప్రశ్న)

నిన్న సాయంత్రం హైదరాబాద్‌లో ఫోన్ పోయింది. ఆండ్రాయిడ్, పిన్ లాక్ ఉంది. సిమ్ బ్లాక్ చేయించాను. డూప్లికేట్ సిమ్ ఇంకా తీసుకోలేదు, సిమ్ నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన ఖమ్మంలో ఉంటారు.

గూగుల్ అథెంటికేటర్‌లో (లాగిన్‌కి ఆరు అంకెల కోడ్లు చూపించే యాప్) ఉన్నవి: జీమెయిల్, గిట్‌హబ్ (ప్రోగ్రామ్‌లు దాచుకునే సైట్), మైక్రోసాఫ్ట్ పర్సనల్ అకౌంట్, ఆఫీస్ మెయిల్. వాట్సాప్‌కి టూ-స్టెప్ పిన్ పెట్టాను, నంబరు సరిగ్గా గుర్తు లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ క్రోమ్‌లో జీమెయిల్, గిట్‌హబ్ ఇంకా లాగిన్‌లోనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ లాగౌట్ అయిపోయి ఉంది. బ్యాకప్ కోడ్స్ (ఫోన్ లేనప్పుడు లాగిన్‌కి వాడే అత్యవసర కోడ్లు) ఎక్కడా దాచినట్టు లేదు. అథెంటికేటర్‌లో సింక్ (ఆ లిస్టుని గూగుల్ అకౌంట్‌లో కూడా దాచే సెట్టింగ్) ఆన్ చేశానో లేదో కూడా తెలీదు.

ముందు పాస్‌వర్డ్‌లు మార్చేసి "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్" కొట్టెయ్యమని ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు. కొట్టెయ్యనా?

తాళంచెవి_రావు

కొట్టొద్దు. ఇప్పుడు మీ చేతిలో మిగిలిన ఆధారం ఆ ల్యాప్‌టాప్‌లోని లాగిన్ ఒక్కటే. దాన్ని కూడా తెంపేసుకుంటే మళ్ళీ లోపలికి వెళ్ళేటప్పుడు ఆరు అంకెల కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ పోయిన ఫోన్‌లో ఉంది. క్రోమ్‌లో కుకీలు (మీ లాగిన్‌ని గుర్తుపెట్టుకునే ఫైళ్ళు) క్లియర్ చెయ్యొద్దు, క్లీనర్ సాఫ్ట్‌వేర్లు రన్ చెయ్యొద్దు, క్రోమ్ రీఇన్‌స్టాల్ చెయ్యొద్దు, వీపీఎన్ ఉంటే ఆపెయ్యండి. ఎప్పుడూ వాడే ఇంటి వైఫై మీదే కూర్చుని చెయ్యండి.

గూగుల్‌లో ఈ వరుసలో వెళ్ళండి.

మొదట ల్యాప్‌టాప్‌లో ఫైండ్ హబ్ (పాత పేరు ఫైండ్ మై డివైజ్) తెరిచి ఫోన్‌ని "లాస్ట్" అని మార్క్ చేసి లాక్ వెయ్యండి. అక్కడే ఫోన్ పేరు పక్కన ఉండే చిన్న గుర్తు నొక్కితే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) కనిపిస్తుంది, రాసి పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. డేటా మొత్తం ఎరేజ్ చెయ్యడానికి తొందరపడొద్దు. ఎరేజ్ అయ్యాక లొకేషన్ చూపించడం ఆగిపోతుంది. పిన్ లాక్ ఉంది కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగినా కొంప మునగదు.

తర్వాత గూగుల్ అకౌంట్ పేజీలో సెక్యూరిటీ, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో "ఈ డివైజ్‌లో మళ్ళీ అడగొద్దు" అని టిక్ పెట్టి ఉంటే చాలాసార్లు పాస్‌వర్డ్‌తోనే వదిలేస్తుంది. పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో సేవ్ అయ్యుందేమో చూడండి, అది తెరవడానికి ల్యాప్‌టాప్ లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

లోపలికి వెళ్ళాక మొట్టమొదట తీసుకోవాల్సింది బ్యాకప్ కోడ్స్. ఎనిమిది అంకెల కోడ్లు 10 వస్తాయి. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసుకోండి. ఆ పేజీలో మళ్ళీ కొత్త సెట్ తీసుకుంటే పాత పదీ చెల్లవు, కాబట్టి అనవసరంగా ఆ బటన్ నొక్కొద్దు.

ఆ కోడ్ చేతిలో ఉంటే కొత్త ఫోన్‌లో గూగుల్ లాగిన్ అయిపోతుంది. అయ్యాక అథెంటికేటర్ ఇన్‌స్టాల్ చేసి అదే గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వండి. పాత ఫోన్‌లో సింక్ ఆన్‌లో ఉండి ఉంటే మీ లిస్టు మొత్తం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ఈ సింక్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. అకౌంట్ లేకుండా వాడుకునే ఆప్షన్ కూడా యాప్‌లో ఉంది కాబట్టి అందరికీ సింక్ అయ్యుంటుందని గ్యారంటీ లేదు. రాలేదంటే ఒక్కో సైట్‌కీ వెళ్ళి కొత్తగా పెట్టుకోవాల్సిందే.

పోయిన ఫోన్‌ని గూగుల్ నుంచి తీసేసే పని ఇదంతా అయ్యాకే. సెక్యూరిటీ పేజీలో "యువర్ డివైజెస్" తెరిచి ఆ ఒక్క ఫోన్‌ని మాత్రమే సైన్ అవుట్ చెయ్యండి. అది చేశాక ఫైండ్ హబ్‌లో ఆ ఫోన్ కనిపించదు, ఐఎంఈఐ ముందే రాసుకోమన్నది అందుకే. పాస్‌వర్డ్ మార్చడం అన్నిటికంటే ఆఖరున.

సిమ్_సత్తిబాబు

రావు గారు చెప్పిన వరుస సరైనదే. సిమ్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామందికి ఒక రోజు వృథా అవుతుంది.

సిమ్ నాన్నగారి పేరు మీద ఉంటే ఆధార్ పట్టుకుని ఆయనే స్టోర్‌కి రావాలి, వేలిముద్రో లైవ్ ఫోటోనో ఆయనదే కావాలి. మీరు హైదరాబాద్‌లో ఎంత తిరిగినా పని జరగదు. ఆయన్ని ఖమ్మంలోనే కంపెనీ సొంత స్టోర్‌కి వెళ్ళమనండి, సిమ్ అక్కడ తీసుకుని మీకు పంపించొచ్చు. రీఛార్జ్ కొట్టు కంటే కంపెనీ స్టోర్ మేలు.

కొత్త సిమ్ యాక్టివ్ అయ్యాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ స్వాప్ మోసాలు (మీ నంబరుకి వేరేవాళ్ళు డూప్లికేట్ సిమ్ తీసుకోవడం) ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నియమం ఇది. కాల్స్ మాత్రం పనిచేస్తాయి. ఇది తెలియక "ఓటీపీ రావట్లేదు" అని పది సార్లు రీసెండ్ కొడతారు, ఆ సైట్ కాసేపు లాక్ చేసేస్తుంది. కాబట్టి ఎక్కడైనా "కాల్ మీ" ఆప్షన్ ఉంటే అదే నొక్కండి. గూగుల్‌లో, వాట్సాప్‌లో కాల్ ద్వారా కోడ్ వస్తుంది.

ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి కొత్త ఫోన్‌లో రిజిస్టర్ అవ్వాలంటే మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్ళాలి. ఆ 24 గంటలూ అది వెళ్ళదు. రిజిస్టర్ అయ్యాక కూడా మొదటి 24 గంటలు యూపీఐలో 5,000 రూపాయల వరకే పంపగలరు. అద్దె కట్టే రోజైతే ఇంట్లో ఇంకొకళ్ళ ఫోన్ నుంచి కట్టించుకోండి.

ఫోన్ బ్లాక్ చెయ్యడానికి టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ (పోయిన ఫోన్లని ఐఎంఈఐతో బ్లాక్ చేసే) సెక్షన్ ఉంది. ముందు పోలీస్ కంప్లయింట్ ఇచ్చి దాని కాపీ, నంబరు తీసుకోండి. ఫారంలో ఐఎంఈఐ (రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు నంబర్లుంటాయి, రెండూ రాయండి), కొన్న బిల్లు, పోయిన చోటు, తేదీ, గుర్తింపు కార్డు అడుగుతారు. చివర్లో ఓటీపీ ఎస్సెమ్మెస్‌గానే వస్తుంది, అంటే మళ్ళీ ఆ 24 గంటల దగ్గరికే వచ్చాం. ఆఖరున వచ్చే రిక్వెస్ట్ ఐడీ జాగ్రత్త, ఫోన్ దొరికితే అన్‌బ్లాక్ చెయ్యడానికి అదే కావాలి. బ్లాక్ అయిన ఫోన్‌లో ఏ సిమ్మూ పనిచెయ్యదు కానీ వైఫై మీద నడుస్తుంది. అందుకే ఐఎంఈఐ బ్లాక్ చేశాం కదా అని గూగుల్ సైన్ అవుట్ మానొద్దు.

కర్నూలు_కోడర్

చాలామంది పొరబడేది ఒకటుంది. కొత్త సిమ్ వేస్తే అథెంటికేటర్ కోడ్లు తిరిగి రావు. ఆ కోడ్లకీ సిమ్‌కీ సంబంధం లేదు. మొదట్లో క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు ఒక సీక్రెట్ కీ ఫోన్‌లోకి వస్తుంది. ఆ కీనీ ఇప్పటి టైమునీ కలిపి లెక్కేసి 30 సెకన్లకో కోడ్ తయారవుతుంది. నెట్ అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. కీ పోతే కోడ్ పోయినట్టే. సిమ్‌తో తిరిగొచ్చేవి ఎస్సెమ్మెస్ కోడ్లు మాత్రమే.

ఇక గిట్‌హబ్. మీకు ల్యాప్‌టాప్‌లో లాగిన్ ఉంది కాబట్టి అదృష్టవంతులు. సెట్టింగ్స్‌లో "పాస్‌వర్డ్ అండ్ అథెంటికేషన్" తెరవండి. మళ్ళీ ఒకసారి నిర్ధారించమంటుంది. అక్కడ నేరుగా కోడ్ అడిగినా కంగారు పడొద్దు, కింద ఉన్న మిగతా ఆప్షన్లలో పాస్‌వర్డ్ కూడా ఉంటుంది, అది ఎంచుకోండి. లోపల రికవరీ కోడ్స్ 16 ఉంటాయి, ముందు అవి డౌన్‌లోడ్ చేసుకుని, ఆ తర్వాత అథెంటికేటర్ యాప్‌ని "ఎడిట్" కొట్టి కొత్త ఫోన్‌తో కొత్త క్యూఆర్ స్కాన్ చెయ్యండి.

దానికి ముందు ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో "రికవరీ కోడ్స్", "బ్యాకప్ కోడ్స్" అని ఇంగ్లీషులో వెతకండి. గిట్‌హబ్ టూ-ఫ్యాక్టర్ పెట్టేటప్పుడు ఆ ఫైలు డౌన్‌లోడ్ చేసుకోమంటుంది, చాలామంది చేసి మర్చిపోతారు. గూగుల్‌ది కూడా అలాగే టెక్స్ట్ ఫైలుగా దిగి ఉండొచ్చు.

లాగౌట్ అయిపోయినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: పాస్‌వర్డ్ కొట్టి, కోడ్ అడిగే పేజీలో రికవరీ లింకు నొక్కితే ముందు మెయిల్‌కి ఒక కోడ్ వస్తుంది. ఆ తర్వాత ఇంకో రుజువు అడుగుతుంది: ఇంతకుముందు లాగిన్ అయిన బ్రౌజర్, లేదా అకౌంట్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ కీ (మీ కంప్యూటర్‌ని గిట్‌హబ్ గుర్తుపట్టే కీ ఫైలు), లేదా పర్సనల్ యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రామ్‌లలో వాడే పొడవాటి కోడ్). ఎస్‌ఎస్‌హెచ్ అయితే పేజీలో చూపించే కమాండ్‌ని టెర్మినల్‌లో రన్ చేసి వచ్చిన దాన్ని అక్కడ పేస్ట్ చెయ్యాలి. ఆ రిక్వెస్ట్ చూడటానికి గిట్‌హబ్‌కి 1 నుంచి 3 పనిదినాలు పడుతుంది. ఈ మూడింటిలో ఒక్కటీ లేకపోతే అకౌంట్ తిరిగి రాదు. మెయిల్ ఐడీని దాన్నుంచి విడదీసి కొత్త అకౌంట్‌కి వాడుకోనిస్తారు, అంతే. సపోర్ట్‌కి ఎన్ని మెయిళ్ళు రాసినా అక్కడ మినహాయింపులు లేవు.

మైక్రోసాఫ్ట్ పర్సనల్ అకౌంట్‌తోనే మీకు అసలు ఇబ్బంది. ఫోన్ నంబరో ఇంకో మెయిలో అందులో యాడ్ చేసి ఉంటే కోడ్ పేజీలో "వేరే పద్ధతి" నొక్కి దాంతో వెళ్ళండి. అథెంటికేటర్ తప్ప ఇంకేమీ లేకపోతే "ఇవేవీ నా దగ్గర లేవు" అన్నది ఎంచుకుని కొత్త సెక్యూరిటీ సమాచారం ఇవ్వాలి. అప్పుడు 30 రోజుల వెయిటింగ్ మొదలవుతుంది. దాన్ని ఎవరూ తగ్గించలేరు. అకౌంట్ రికవరీ ఫారం ఒకటుంది గానీ టూ-స్టెప్ ఆన్‌లో ఉన్న అకౌంట్లకి అది పనిచెయ్యదు, దాని మీద టైం పెట్టొద్దు. ఎప్పుడైనా 25 అక్షరాల రికవరీ కోడ్ ప్రింట్ తీసుకుని ఉంటే మాత్రం వెతకండి.

ఆఫీస్ మెయిల్ గురించి అసలు ఆలోచించకండి. ఐటీ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడిగే ఏర్పాటు) రీసెట్ చెయ్యమంటే అడ్మిన్ వైపు నుంచి కొన్ని నిమిషాల పని. ఫోన్‌లో ఆఫీస్ డేటా ఉంది కాబట్టి వాళ్ళకి చెప్పి తీరాలి కూడా.

బెజవాడ_బుల్లోడు

రావు గారితో ఒక చోట విభేదిస్తాను. పాస్‌వర్డ్ ఆఖరున అన్నది పిన్ లాక్ ఉన్న ఫోన్‌కే. లాక్ లేకపోయినా, అన్‌లాక్ అయి ఉన్నప్పుడు చేతిలోంచి లాక్కెళ్ళినా లెక్క వేరు. అప్పుడు దొంగ చేతిలో జీమెయిల్ తెరిచే ఉంటుంది, "మీరేనా?" అని గూగుల్ పంపే ప్రాంప్ట్‌కి వాడే ఎస్ నొక్కుతాడు. అలాంటప్పుడు బ్యాకప్ కోడ్స్ తీసుకున్న మరుక్షణం ఆ ఫోన్‌ని సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చాలి, ఫైండ్ హబ్ లొకేషన్ పోతే పోయింది. బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించడం దానికీ ముందు. డబ్బు పోయినట్టు కనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చెయ్యాలి.

వాట్సాప్: కొత్త సిమ్‌తో కాల్ కోడ్ తీసుకుని రిజిస్టర్ చెయ్యండి. టూ-స్టెప్ పిన్ అడుగుతుంది. పిన్ పెట్టినప్పుడు మెయిల్ ఇచ్చి ఉంటే రీసెట్ లింకు మెయిల్‌కి వస్తుంది. ఇవ్వకపోతే 7 రోజులు ఆగాలి. ఊహించి పిన్‌లు కొడుతూ కూర్చోవద్దు, తప్పు కొట్టే కొద్దీ మళ్ళీ ప్రయత్నించే గ్యాప్ పెంచుతుంది. ఛాట్ బ్యాకప్ రావాలంటే అదే నంబరు, అదే గూగుల్ అకౌంట్ ఉండాలి. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ పెట్టి ఉంటే అప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డో, 64 అంకెల కీనో, పాస్‌కీనో (పాస్‌వర్డ్ బదులు డివైజ్ లాక్‌తో తెరిచే పద్ధతి) లేకుండా తెరుచుకోదు.

ఇంకో మాట. "అకౌంట్ రికవరీ ఎక్స్‌పర్ట్" అని కామెంట్లలో, టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్ళకి రూపాయి కూడా ఇవ్వొద్దు. మామూలు జీమెయిల్ అకౌంట్ రికవరీకి గూగుల్ ఫోన్ సపోర్ట్ నడపదు, సెర్చ్‌లో "గూగుల్ హెల్ప్‌లైన్" అని కనిపించే నంబర్లు మోసగాళ్ళవే. ఫోన్ పోయి మీరు ఏడుస్తుంటే గోరుచుట్టు మీద రోకటిపోటు అది.

ఉప్పల్_యూజర్

అందరికీ థ్యాంక్స్ అండీ. గూగుల్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంది, 10 కోడ్లూ రాసుకున్నాను. గిట్‌హబ్ కొత్త క్యూఆర్ కూడా తమ్ముడి పాత ఫోన్‌లో స్కాన్ చేశాను. ఆ తర్వాత అదే ఫోన్‌లో అథెంటికేటర్‌లో గూగుల్ సైన్ ఇన్ అయితే పాత లిస్టు కూడా దిగింది, అంటే సింక్ ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు గిట్‌హబ్ రెండు సార్లు కనిపిస్తోంది. పైన ఉన్నదాని కోడ్ కొడితే తప్పు అంటోంది. అలాగే మైక్రోసాఫ్ట్ కోడ్ కూడా ఒక్కోసారి తప్పు అంటోంది. దానికి నేను కొత్త క్యూఆర్ ఏమీ పెట్టలేదు.

కర్నూలు_కోడర్

రెండూ వేర్వేరు కారణాలు.

గిట్‌హబ్: కొత్త క్యూఆర్ స్కాన్ చేసి కన్ఫర్మ్ చేసిన క్షణంలో పాత సీక్రెట్ చచ్చిపోయింది. సింక్‌లో దిగిన వరుస ఆ పాతది. అది కోడ్లు చూపిస్తూనే ఉంటుంది, యాప్‌కి ఆ సంగతి తెలీదు. ఏది పనిచేస్తోందో లాగిన్ చేసి చూసుకుని, దాని పేరు పక్కన "కొత్తది" అని ఎడిట్ చేసి, అప్పుడు రెండోదాన్ని డిలీట్ చెయ్యండి. చూడకుండా డిలీట్ చేశారంటే మళ్ళీ మొదటికొస్తారు.

మైక్రోసాఫ్ట్: ఒక్కోసారి సరైనది, ఒక్కోసారి తప్పు అంటే ఆ పాత ఫోన్ టైము చూడండి. చాలాకాలం పక్కన పడి ఉన్న ఫోన్లలో గడియారం నిమిషమో అరనిమిషమో అటూఇటూ అయ్యుంటుంది. సర్వర్లు మామూలుగా ఒక్క 30 సెకన్ల మెట్టు తేడా వరకే ఒప్పుకుంటాయి. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం "ఆటోమేటిక్" చెయ్యండి, సిమ్ లేకపోతే వైఫై మీద పెట్టి ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. సింక్ వచ్చింది కాబట్టి మీకు 30 రోజుల బాధ తప్పింది. లోపలికి వెళ్ళగానే ఇంకో మెయిల్ యాడ్ చేసి, ఆ 25 అక్షరాల కోడ్ ప్రింట్ తీసుకోండి.

తాళంచెవి_రావు

తమ్ముడి ఫోన్ తిరిగి ఇచ్చే ముందు అథెంటికేటర్‌లో "ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్" ద్వారా క్యూఆర్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ కొత్త ఫోన్‌లో స్కాన్ చేసుకోవచ్చు, లేదా కొత్త ఫోన్‌లో గూగుల్ సైన్ ఇన్ అయితే సరిపోతుంది. తర్వాత తమ్ముడి ఫోన్ సెట్టింగ్స్‌లో మీ గూగుల్ అకౌంట్ తీసెయ్యండి. ఆ ఎక్స్‌పోర్ట్ క్యూఆర్‌ని మాత్రం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకోకండి, అందులో మీ సీక్రెట్ కీలన్నీ ఉంటాయి.

ఇంకోటి, కొన్ని రోజుల పాటు రికవరీ నంబరు, పాస్‌కీ లాంటి ముఖ్యమైన మార్పులు ల్యాప్‌టాప్ నుంచే చెయ్యండి. అకౌంట్‌కి కనీసం 7 రోజులుగా తెలిసిన డివైజ్‌నే గూగుల్ అలాంటి పనులకి నమ్ముతుంది. కొత్త ఫోన్ నుంచి చేస్తే "మీరేనని నిర్ధారించలేకపోతున్నాం" అంటుంది.

డాలస్_డైరీ

ఇదే పరిస్థితి అమెరికాలో ఉంటే? జీమెయిల్‌కీ, ఇండియా బ్యాంకుకీ ఇండియా ఫోన్ నంబరే ఇచ్చాం. ఆ సిమ్ ఉన్న ఫోన్ ఇక్కడ పోతే డూప్లికేట్ సిమ్ ఎలా? ఇంట్లోవాళ్ళు తీసుకోవచ్చా?

సిమ్_సత్తిబాబు

మీ పేరు మీద సిమ్‌ని ఇంట్లోవాళ్ళు తీసుకోవడం మామూలుగా కుదరదు, పైన ఖమ్మం కేసుకి తిరగేసిన కేసు ఇది. ఈ-సిమ్ అయినా కొత్త ఫోన్‌కి మార్చితే అది కూడా సిమ్ స్వాప్ కిందే వస్తుంది, ఆ 24 గంటలు దానికీ ఉంటాయి. పైగా సిమ్ మార్చాక 7 రోజుల దాకా వేరే కంపెనీకి పోర్ట్ అవ్వడానికి కూడా లేదు, 2024 జులై 1 నుంచి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) రూల్ అది.

అందుకని ఫోన్ ఇంకా చేతిలో ఉన్నప్పుడే చెయ్యాల్సినవి చెప్తాను. గూగుల్‌లో మీ అమెరికా నంబరుని కూడా రెండో నంబరుగా యాడ్ చెయ్యండి. బ్యాకప్ కోడ్స్ కాగితం మీద ఒక సెట్ అక్కడ, అదే సెట్ కాపీ ఇక్కడ ఇంట్లో బీరువాలో. బ్యాంకులో ఎన్‌ఆర్‌ఐ కస్టమర్లకి మెయిల్‌కి ఓటీపీ పంపే ఆప్షన్ ఉందేమో అడిగి పెట్టించుకోండి, లేదా విదేశీ నంబరు రిజిస్టర్ చేయించండి. ఇండియా నంబరుకి రీఛార్జ్ ఆపొద్దు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు తీసెయ్యొచ్చు. ప్రీపెయిడ్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. తీసేసిన నంబరు తర్వాత ఇంకెవరికో వెళ్తుంది, మీ ఓటీపీలు కూడా వాళ్ళకే వెళ్తాయి.

బెజవాడ_బుల్లోడు

దానికి తోడు యూఎస్‌బీ సెక్యూరిటీ కీలు (కోడ్ బదులు ల్యాప్‌టాప్‌కి గుచ్చి లాగిన్ అయ్యే చిన్న పరికరాలు) రెండు కొనుక్కోండి. ఒకటి కాదు, రెండు. రెండూ గూగుల్‌లో, గిట్‌హబ్‌లో, మైక్రోసాఫ్ట్‌లో రిజిస్టర్ చేసి ఒకటి తాళాల గుత్తికి, ఒకటి ఇంట్లో. కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్ పోర్టు టైప్-ఏనా టైప్-సీనా చూసుకోండి, ఫోన్‌కి కూడా వాడాలంటే ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్‌కి తాకిస్తే పనిచేసే సౌకర్యం) ఉన్నది తీసుకోండి. సిమ్‌తో, దేశంతో, 24 గంటలతో దానికి పని లేదు. ఇండియా బ్యాంకుల దగ్గర మాత్రం దీనికి ఆశ పెట్టుకోకండి, అక్కడ ఇంకా ఓటీపీల మీదే బండి నడుస్తోంది.